మిరపచేలోకి వెళ్ళిన టీచరమ్మ

మా పెద్ద టీచరమ్మ పోయారని ఫోను వచ్చేసరికి నేను క్లాసులో హాజరు పిలుస్తున్నాను. ప్రత్తిపాడు దగ్గరి ఈ చిన్న బడికి నేను కొత్తగా వచ్చినప్పుడు నాకు పాఠం చెప్పడం నేర్పింది ఆవిడే.

"ముందు పిల్లల్తో మాట్లాడండి మాస్టారూ. పాఠం ఎక్కడికీ పోదు" అనేవారు. పొద్దున్నే గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ పలకరించేవారు. "జ్వరం తగ్గిందా? మీ గేదె ఈనిందా?" ఎవరైనా తప్పు జవాబు చెబితే, "నీకలా ఎందుకనిపించిందమ్మా?" అని అడిగి, శ్రద్ధగా వినేవారు.

మిరపకోతలకి కర్నూలు వైపునుంచి కూలీలు దిగే రోజుల్లో ఆవిడ గొడుగు వేసుకుని, వాళ్ళ పిల్లల్ని బడికి పిలుస్తూ చేలవెంట తిరిగేవారు. ఒక ఏడు ఈశ్వరి అనే పిల్లను అలాగే బడికి తీసుకొచ్చారు. అక్షరం రాదు. నేనేం అడిగినా తల ఎత్తేది కాదు. టీచరమ్మ ఏమీ అడగలేదు. ఒకటో తరగతి పిల్లల చేత పలకల మీద అక్షరాలు దిద్దించే పని అప్పజెప్పి, "నాకు చూపు ఆనట్లేదు, వీళ్ళని నువ్వే చూసుకోవాలి" అన్నారు. వాళ్ళకి చెప్పాలి కాబట్టి ఈశ్వరి ముందు తను నేర్చుకుంది. కోతలు ముగిసేలోపు కూడబలుక్కుని ఒక పేజీ చదివి, పకపకా నవ్వింది.

మరుసటి ఏడు ఈశ్వరి మళ్ళీ వచ్చింది. బడికి కాదు, చేలోకి. టీచరమ్మ వెంట నేనూ వెళ్ళాను.

"నేను రానమ్మా. మాయమ్మకి బాగలేదు. ఆమె బదులు నేనే కోయాల" అంది.

టీచరమ్మ వాళ్ళ నాన్నను బతిమాలారు. ఆయన చేతులు జోడించి, "నన్నేం చెయ్యమంటారో మీరే చెప్పండమ్మా" అన్నాడు. ఆవిడ గొడుగు తెరుచుకుని గట్టెక్కారు.

తిరిగి వస్తూ, "పిల్లలకి చదువు మీద ఆశ పుట్టించగలం మాస్టారూ. దాన్ని నిలబెట్టడం మన చేతుల్లో లేదు" అన్నారు. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళారు. కోతలు అయ్యేదాకా వెళుతూనే ఉన్నారు. ఈశ్వరి రాలేదు.

ఆ తర్వాత ఆవిడ మంచాన పడ్డారు. ఆవిడలాగే నేనూ గుమ్మంలో నిలబడి పలకరించి చూశాను. పిల్లలు నన్ను తప్పించుకుని లోపలికి వెళ్ళిపోతున్నారు.

దహనం ముగించుకుని వస్తుంటే దారి పక్క చేలో ఈశ్వరి కనిపించింది.

"ఈ ఏడు టీచరమ్మ రాలేదేం సార్?"

చెప్పాను. తలకు చుట్టుకున్న గుడ్డను కళ్ళమీదికి లాక్కుంది. చేతులు మాత్రం ఆగలేదు. ఒక్కో కాయే కోసుకుంటూ, వంచిన నడుం ఎత్తకుండా, సాలు వెంట దూరంగా వెళ్ళిపోయింది.