నాగరాజన్న పొడుగు గిటార్

నిన్న పొద్దున రాగిపిండి జల్లిస్తున్నాను. ఫోన్ మోగింది. "నాగరాజన్న పోయినాడమ్మా" అన్నారు అవతల.

"యాడికి పోయినాడు?" అని అడిగాను.

నిజంగానే అడిగాను. బుర్ర పనిచేయలేదు. గుండె ఆగిపోయిందట, నిద్రలోనే.

ఇవాళ ఫోన్ తెరిస్తే అన్నీ ఆయన ఫొటోలే. "లెజెండ్" అట. "మా ఆర్కెస్ట్రా ప్రాణం" అట.

చదువుతుంటే ఒళ్లు మండుతోంది. అందుకే రాస్తున్నాను.

తెలియనివాళ్లకు చెబుతున్నాను. తొంభైల చివర్లో నాగరాజన్న హోసూరులో స్కూటర్ పార్ట్స్ చేసే కంపెనీలో షిఫ్ట్ పని చేసేవాడు. సెలవు దొరికితే మా జాతర ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. నేను అందులో సింగర్‌ని.

నా గొంతు బాగా కింద ఉంటుంది. ఆడవాళ్ల పాటల పిచ్ నాకు అందదు. ఓనర్ వెంకటప్ప ప్రతి రిహార్సల్‌లోనూ "మగ గొంతు వేసుకొని మా ప్రాణం తీస్తావుండావే" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు.

నాగరాజన్న నవ్వలేదు.

"ఆయమ్మ గొంతు యాడుందో ఆడికి మనం దిగల్లప్పా. గొంతును పైకి లాగేదేంది?" అన్నాడు.

కీబోర్డుకైతే బటన్ నొక్కితే సరి. గిటార్‌కు అంత సులువు కాదు. ఆయన తీగలన్నీ వదులు చేసి, అడుగు తీగను E స్వరం నుంచి కింది B స్వరానికి దించాడు. మామూలు సన్న తీగలు కదా, బట్టలారేసే తాడులాగా వేలాడాయి. మీటితే గిటార్ మెడ మీది ఫ్రెట్ కమ్మీలకు కొట్టుకుని గరగరమన్నాయి.

లావు తీగ కావాలి. హోసూరులో దొరకలేదు.

మా అన్న ఏం చేశాడో తెలుసా? స్కూటర్ క్లచ్ వైరు బిగించుకుని బర్గూరు జాతరకు వచ్చేశాడు. మొదటి పాటకే అది టప్ టప్‌మంది. నేను చరణం మధ్యలో నవ్వేశాను. "బండికి బాగుండె, పాటకు పనికిరాలేదమ్మా" అని తనూ పగలబడి నవ్వాడు.

తర్వాత బెంగళూరు పోయి అసలైన లావు తీగలు తెచ్చాడు. బిగువు వచ్చింది గానీ శబ్దం మొద్దుబారిపోయింది. లావు ఒక్కటే చాలదు, పొడుగు కూడా కావాలని అప్పుడు తెలిసింది. తీగ పొడుగైతే, మరీ లావు లేకపోయినా కింది స్వరంలో బిగువుగా నిలుస్తుంది. మత్తూరు వడ్రంగి చేత ఇరవై ఎనిమిది అంగుళాల తీగ పట్టేలా గిటార్‌కు కొత్త మెడ, అదే నెక్, చేయించాడు. మామూలు దానికంటే రెండున్నర అంగుళాలు ఎక్కువ. ఫ్రెట్లు తనే కొలుచుకుని కొట్టాడు.

అత్తిముగంలో రిహార్సల్. ఆయన B మీటాడు. నేను పాట ఎత్తుకున్నాను.

గొంతు లాగకుండా పాడటం నాకు అదే మొదటిసారి. పాట అయ్యాక ఏడ్చాను.

వెంకటప్ప రెండు జాతరలు ఓర్చుకున్నాడు. తర్వాత పై పిచ్‌లో పాడే అమ్మాయిని తెచ్చి నన్ను రావద్దన్నాడు. నాగరాజన్నతో "నువ్వు మామూలు గిటార్ ఎత్తుకొని రాప్పా, ఆ గడకర్ర వద్దు" అన్నాడు.

"ఇది వద్దంటే నేనూ రాను" అని అన్న దిగిపోయాడు.

మళ్లీ ఏ స్టేజీ ఎక్కలేదు. ఎవరూ పిలవలేదు. ఇప్పుడు లెజెండ్ అని రాస్తున్నవాళ్లలో ఒక్కడు కూడా పిలవలేదు. ఆదివారాలు వాళ్లింట్లో ఆయన వాయిస్తే నేను పాడేదాన్ని. వినేది వదిన ఒక్కతే.

నిన్న మధ్యాహ్నం వాకిట్లో అన్నను పడుకోబెట్టి ఉన్నారు. వెంకటప్ప దండ వేసి, గోడకున్న గిటార్ దించమన్నాడు. పాటతో నివాళి ఇస్తారట. వాళ్ల కొత్త గిటారిస్ట్ మీటి చూసి "ఏందన్నా, శ్రుతి మొత్తం దిగిపోయిండాది" అని తీగలు బిగించే కీలు తిప్పడం మొదలుపెట్టాడు.

అంత లావు తీగల్ని, అంత పొడుగు మీద, B నుంచి E కి లాగుతున్నాడు. నెక్ కిర్రుమంది. అన్నిటికంటే సన్న తీగ తెగింది.

నేను లేచి గిటార్ లాక్కున్నాను.

"అది దిగిపోలేదప్పా. ఆయన దించి పెట్టినాడు" అన్నాను.

"చావింట్లో గలాటా ఎందుకమ్మా. అందరి పిచ్‌లో ఒక పాట పాడు, చాలు" అన్నాడు వెంకటప్ప.

చచ్చినా వీళ్లు ఆయన్ను వదల్లేదు.

అన్న కాళ్ల దగ్గర కూర్చుని, మిగిలిన తీగలు ఒక్కొక్కటే మళ్లీ కిందికి దించాను. వదిన పక్కన కూర్చుని నెక్ పట్టుకుంది.

B దొరికాక, ఆ ఒక్క తీగ మీటుకుంటూ నా గొంతులో పాడాను. వెంకటప్పతో సహా అందరూ విన్నారు. ఇన్నేళ్లకు.

నాకు ఆ వినడం అక్కర్లేదు. వినాల్సిన మనిషి లేడు.

పోయి రా అన్నా. నిన్ను ఇంక ఎవరూ పైకి లాగరు. నీ శ్రుతిలో నువ్వు చల్లగా ఉండు.