అక్క తినకుండా వదిలేసిన పప్పు

నేను అక్కా అని పిలిచే మా తోడికోడలు సన్నబడితే చూసి ఓర్వలేకపోయానని మా వాళ్లు ఇప్పటికీ అంటారు. నిజమే, ఓర్వలేకపోయాను. కానీ డాక్టరుగారి గదిలో జరిగింది మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే నేను చెబుతున్నాను.

రామచంద్రపురంలో మా రెండు కుటుంబాలదీ ఒకే వంట. నాకూ అక్కకూ సుగర్ ఉంది. అక్కకు అదనంగా గుండెలో వాల్వు మార్చారు, రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. ఆకుకూర పెరిగితే ఆ మాత్ర సరిగా పనిచేయదు, తగ్గితే మరీ ఎక్కువ పనిచేస్తుంది. రోజూ ఒకే కొలత తినాలన్నారు. ఎనిమిదేళ్లు ఆ గిన్నెడు తోటకూర పప్పు నేనే వండిపెట్టాను. మాత్ర తీసి చేతిలో పెట్టిందీ నేనే.

రెండువేల దశకం చివర్లో అక్కకు సుగర్ కోసం కొత్త ఇంజెక్షన్ రాశారు. దాంతో ఆకలి తగ్గిపోతుందట. నేనూ అడిగాను. "మీకు బిళ్లలు చాలండి" అన్నారు డాక్టరుగారు. మూడు నెలల్లో అక్క జాకెట్లన్నీ వదులైపోయాయి. కడియంలో పెళ్లికి వెళ్తే మా పెద్దాడబిడ్డ పదిమందిలో నన్ను పట్టుకుంది.

"ఏంటే, ఇప్పుడు నువ్వే అక్కలా ఉన్నావు! దాని వాటా కూడా నువ్వే తింటున్నావేంటి?"

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

అసలు బాధేమిటంటే, ఆడబిడ్డ అన్నది నిజం. అక్క రెండు ముద్దలు తిని, పెరుగన్నం కలపకుండానే లేచిపోయేది. పప్పు గిన్నె నిండుగా తిరిగొచ్చేది. పారేయడానికి చేతులు రాక నేనే తినేసేదాన్ని. చెబితే మళ్లీ నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్లకు అక్క పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. చేతుల మీద నల్లటి మచ్చలు తేలాయి. బావగారూ నేనూ రాజమండ్రి తీసుకెళ్లాం. డాక్టరుగారు రక్తపరీక్ష కాగితం చూసి ముఖం ముడిచారు.

"రక్తం బాగా పల్చబడిపోయిందండి. మాత్ర రెండుసార్లు పడిందా?"

"నాకేం తెలుసండీ, ఇచ్చేది మా చెల్లి" అంది అక్క.

"తిండి?"

"ఎప్పటిలాగేనండి."

బావగారు నా వైపు తిరిగి చూశారు. ఎనిమిదేళ్ల చాకిరీకి అదీ బహుమతి!

"అబద్ధమండీ!" అన్నాను. "మాత్ర ఒక్కటే ఇస్తున్నాను. ఈవిడే తినడం లేదు. మూడు నెలలుగా ఈవిడ పప్పు నేను తింటున్నాను!"

డాక్టరుగారు నవ్వలేదు. "ఈ మాట ముందే చెప్పాల్సిందమ్మా. ఇంజెక్షన్‌తో ఆకలి పోయింది, ఆకుకూర తగ్గింది, పాత మాత్రే ఇప్పుడు ఎక్కువైపోయింది. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే తలలో రక్తస్రావం అయ్యేది" అన్నారు. రెండు రోజులు మాత్ర ఆపించి, తర్వాత మోతాదు తగ్గించి, వారం వారం పరీక్ష చేయించమన్నారు. ఇంజెక్షన్ మాత్రం ఆపలేదు.

కారు ధవళేశ్వరం దాటాక అక్క నా వైపు తిరిగింది.

"నీకు నా మీద ఇంత కుళ్లుందని తెలియదే" అంది.

"మరి నేను మాత్ర తప్పు ఇచ్చానన్నావుగా?"

"ఎక్కడన్నాను? తెలియదన్నాను, అంతే."

ముందు సీట్లోంచి బావగారు, "ఇంతకీ పప్పు నీకు బాగా వంటబట్టిందమ్మా" అన్నారు. అక్క మళ్లీ నవ్వింది.