రాత్రి షిఫ్టు ఇంటి గొంతు

నా భార్య చాలా మెల్లగా మాట్లాడుతుంది. ఇది ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళయిన కొత్తలో ఆమె గొంతు ఎలా ఉండేదో నాకు బాగా గుర్తుంది. మా అత్తగారి ఊళ్ళో పొలం ఒడ్డు మీద నిలబడి పిలిస్తే అవతలి మడిలో ఉన్నవాళ్ళు తలెత్తి చూసేవారు. నాట్లేసేటప్పుడు పాట ఎత్తుకునేది ఆమే. అలాంటి గొంతును గోదావరిఖనికి తీసుకొచ్చి, రెండు గదుల కంపెనీ క్వార్టర్లో పెట్టి, నా నిద్ర కోసం నేనే అణిచేశాను.

బొగ్గుబాయి కాలనీల్లో ఉండనివాళ్ళకు ఈ సంగతి తెలియదు. క్వార్టర్ల వరుసలో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు రాత్రి షిఫ్టు దిగి వచ్చి పగలు పడుకుని ఉంటారు. అందుకని వరుస వరుసంతా గొంతు తగ్గించి బతుకుతుంది. నల్లా దగ్గర బిందెలు చప్పుడు కాకుండా దించుతారు. కూరగాయలామె కేక వెయ్యకుండా గుమ్మం దాకా వచ్చి గంప దించుతుంది. ఎవరింటికైనా వెళ్ళి తలుపు దగ్గర నిలబడితే, లోపలి నుంచి ఇల్లాలు వచ్చి చెంప కింద చెయ్యి పెట్టి చూపిస్తుంది. అంటే మగమనిషి పడుకున్నాడు, తర్వాత రమ్మని. మా ఇంట్లో కుక్కరు విజిల్ నేను డ్యూటీ నుంచి రాకముందే అయిపోవాలి. మా బిడ్డ పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఏడుపు అందుకుంటే, నా భార్య చంకనేసుకుని కాలనీ చివరి దాకా పరుగెత్తేది. ఒకసారి పప్పు డబ్బా కింద పడి నాకు మెలకువ వస్తే నేను ఎగిరిన ఎగురుడు చూసి, ఆ తర్వాత ఆమె డబ్బాలన్నీ కింది అరలోకి మార్చేసింది. నా కోపం అట్లాంటిది. అప్పట్లో అది నా హక్కే అనుకునేవాణ్ణి.

నేను బాయిలో పంపు నడిపేవాణ్ణి. ఇక్కడ గనిని బాయి అంటాం. బాయి లోపల నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. వాటన్నిటినీ సంపులోకి మళ్ళించి, అక్కడి నుంచి పంపుతో పైకి కొట్టాలి. బొగ్గు తీసేవాళ్ళకు ఆదివారం సెలవు. నీళ్ళకు ఆదివారం లేదు, కాబట్టి పంపు దగ్గర మనిషికీ లేదు. సెలవు రోజున డ్యూటీ చేస్తే జీతం రెండింతలు. ఆ డ్యూటీని మా దగ్గర ప్లే డే అంటారు. ఎవరు పెట్టారో ఆ పేరు! పక్క క్వార్టర్లో ఇంగ్లీషు చదువుకున్న పిల్ల ఉండేది. ఆ పిల్లను అడిగి అర్థం తెలుసుకుని నా భార్య పడీ పడీ నవ్వింది, కొంగు నోట్లో కుక్కుకుని.

"ప్లే డే అంటే ఆడుకునే దినమట గదా! ఇన్నేండ్ల సంది నాకు తెల్వకనే పాయె. గదేం ఆటనయ్యా, ఒళ్ళంత బురద పూసుకొని వస్తవు?"

"మా ఆట గట్లనే ఉంటది," అన్నాను.

"మరి నాతోటి ఎన్నడు ఆడుతవు?"

"రిటైరైనంక. అప్పుడు అన్నీ ప్లే డేలే."

ఈ 'రిటైరైనంక' అనే మాట నా నోట్లో బాగా ఇమిడిపోయింది. ఆమె ఏ ముచ్చట మొదలుపెట్టినా నేను ఆ మాటతో ఆపేసేవాణ్ణి. ఆమె అన్నతో వచ్చిన పంచాయితీ గురించి చెప్పబోతే "రిటైరైనంక చెప్పు, తీరుబడిగ వింట." ఇంట్లో ఎవరూ లేనప్పుడు తనకు గుండె దడ వస్తోందంటే "దవాఖానకు పో, మిగిలింది రిటైరైనంక చెప్పు." మొదట్లో ఆమె నవ్వేది. తర్వాత్తర్వాత నిజంగానే దాచుకోవడం మొదలుపెట్టింది. "ఇది గూడ నీ రిటైర్మెంటుకు పెడుతున్న," అనేది. ఆమె అలా అన్నప్పుడల్లా నాకు హాయిగా ఉండేది. తొందరేముంది, ఎక్కడికి పోతాం అనుకున్నాను.

పోయింది నా చెవి.

పంపు పక్కన కూర్చుంటే మనిషి అరుపు మనిషికి వినపడదు. చెవుల్లో పెట్టుకోవడానికి బిరడాలు ఇచ్చేవారు. నేను పెట్టుకునేవాణ్ణి కాదు. సంపులో నీళ్ళు తగ్గి పైపు గాలి పీల్చడం మొదలైతే పంపు గొంతు సన్నబడుతుంది. అది విని చటుక్కున లేవాలి. ఆ సన్నటి తేడా నేను కునుకు తీస్తున్నా పట్టేసేవాణ్ణి, అది నాకు పెద్ద గొప్ప. ఎడమ చెవి ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. కంపెనీ దవాఖానలో పరీక్షలు చేసిన డాక్టరు నన్ను కూర్చోబెట్టి మర్యాదగానే చెప్పాడు.

"ఎడమ చెవి పోయినట్టే. కుడిది ఇంకా ఉంది. ఉన్నప్పుడే ఆ చప్పుడు నుంచి బయటపడండి."

"ఇంకెంత సార్, కొన్ని నెలలల్ల దిగిపోతున్న," అన్నాను.

నిజంగానే రిటైర్మెంటుకు కొన్ని నెలలే. ఇంటికొచ్చి చెబితే ఆమె ముఖం కడిగినట్టయింది. ఆ నెలలన్నీ ఇంట్లో ఒకటే సందడి, అదీ మెల్లటి గొంతుతోనే. దిగిపోయిన మొదటి ఆదివారం గోదావరి ఒడ్డుకు పోవాలి. సద్ది కట్టుకుని పోయి పొద్దుగూకేదాకా కూర్చోవాలి. అంతకు మించి ఆమె ఏమీ అడగలేదు.

అప్పుడు రిటైర్మెంటు వయసు ఒక ఏడాది పెంచారు.

బాయి మీద ఆ రోజు పండగే. నేనూ అందరితో పాటు చేతులు కలిపి, జిలేబీ పొట్లం కట్టించుకుని ఇంటికొచ్చాను. పొట్లం చేతికిచ్చి సంగతి చెప్పాను. ఆమె పొట్లం విప్పలేదు.

"ఆ ఏడాది నాకద్దని రాసియ్యరాదా?" అంది.

"ఎవలన్న గట్ల రాసిస్తరా? నవ్వుతరు."

"డాక్టరు ఏమన్నడు నీకు?"

"డాక్టర్లు గట్లనే అంటరు. ఒక్క ఏడాదే గదనే!"

"ఇగ చాలయ్యా," అంది.

ఎంత మెల్లగా అందంటే, ఆ రెండు మాటల కోసం నేను కుడి చెవి అటు తిప్పాల్సి వచ్చింది. కానీ వినబడ్డాయి. బాగా వినబడ్డాయి. వినబడలేదని చెప్పుకోవడానికి కూడా నాకు దారి లేదు.

ఎందుకు ఆగిపోలేదని ఇప్పుడు నన్ను నేను తిట్టుకుంటూ అడుగుతుంటాను. డబ్బు ఒక్కటే కాదు. రిటైరైనవాళ్ళను చౌరస్తాలో చాయ్ హోటలు దగ్గర చూసేవాణ్ణి. షిఫ్టు వేళకు ఇస్త్రీ బట్టలు వేసుకుని వచ్చి, బాయికి పోయే బస్సులను చూస్తూ నిలబడేవారు. బస్సు వెళ్ళిపోయాక ఏం చెయ్యాలో తెలియక ఇంకో చాయ్ చెప్పేవారు. వాళ్ళను చూస్తే నాకు బాయి అంటే లేని భయం వేసేది. పంపు దగ్గర నేను అవసరం. ఇంట్లో నా పనేమిటి? ఇంట్లో నా కోసం ఒక మనిషి ఇన్నేళ్ళ మాటలు మూటగట్టుకుని కూర్చుందని, అవి వినడమే నా పని అని నా బుర్రకు ఎక్కలేదు. చెప్తే ఎక్కే రకం కూడా కాదు అప్పట్లో.

ఆ ఏడాదిలో ఒక్క ప్లే డే కూడా వదల్లేదు. కుడి చెవి కూడా సన్నసన్నగా మూసుకుపోయింది. ముందు సెల్‌ఫోను మోత పోయింది. తర్వాత బజార్లో నా వెనక ఆటోవాడు హారన్ కొట్టీ కొట్టీ దిగొచ్చి తిట్టాడు, ఆ తిట్లూ వినబడలేదు.

నా రిటైర్మెంటు సభ ఘనంగా జరిగింది. దండలు వేశారు, శాలువా కప్పారు, డప్పులు పెట్టారు. ఆఫీసరు మైకు ముందు నా గురించి చాలాసేపు మాట్లాడాడు. మైకులో గరగర తప్ప నాకు మాట తెలియలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. పక్కన కూర్చున్న నా భార్య శాలువా కొస పట్టి లాగింది. నన్ను పొగుడుతుంటే నేనే చప్పట్లు కొడుతున్నానట. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను.

క్వార్టరు ఖాళీ చేసి, బసంత్‌నగర్ పోయే రోడ్డు పక్కన కట్టుకున్న చిన్న ఇంట్లోకి మారాం. మొదటి రోజు పొద్దున్నే లేచేసరికి ఆమె గిన్నెలు తోముతోంది, ఒకదానికొకటి తగలకుండా, అలవాటు కొద్దీ.

"ఇగ సప్పుడు చేసుకోవే. నాకు డ్యూటీ లేదు," అన్నాను.

ఆమె నవ్వి ఏదో అంది. "ఆఁ?" అన్నాను. మళ్ళీ అంది. "ఆఁ?" అన్నాను. మూడోసారి నా వైపు చూసి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ గిన్నెల వైపు తిరిగింది. పెదవులను బట్టి తెలిసింది, "ఏం లేదు తియ్" అంది.

ఆమె ప్రయత్నించలేదని కాదు. గట్టిగా మాట్లాడాలని చూసింది. కానీ ఆ గొంతు ఇక లేవదు. కాస్త పెంచితే చీరుకుపోతుంది, దగ్గు వస్తుంది, తానే సిగ్గుపడి అటూ ఇటూ చూస్తుంది. ఒకరోజు తెగించి అరిచి చెప్పబోతే పక్కింటామె గోడ మీదుగా తొంగి చూసింది. "ఏమైందక్కా, లొల్లి పెట్టుకున్నరా?" అని అడిగిందట. ఆ తర్వాత మళ్ళీ అరవలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అరవొచ్చు. ఆమె దాచుకున్నవి అరిచి చెప్పే ముచ్చట్లు కావు.

చెవి మిషన్ కొన్నాను. అది పెట్టుకుంటే రోడ్డు మీద సిమెంటు లారీలు నా తలకాయలోంచే పోతున్నట్టుంటాయి. ఫ్యాను గోల, కుక్కరు గోల, అన్నీ వస్తాయి. ఆమె మాట ఒక్కటే రాదు. విసుగొచ్చి దాన్ని గూట్లో పడేశాను. ఆమె ప్రతి వారం దాని మీద దుమ్ము తుడిచి మళ్ళీ అక్కడే పెడుతుంది.

మంచిర్యాలలో ఇచ్చిన మా బిడ్డ అప్పుడప్పుడు వస్తుంది. అది నా చెవిలో నోరు పెట్టి అరుస్తుంది, కాబట్టి దాని మాటలు చాలావరకు అందుతాయి. ఒకసారి నేను దానితో అమ్మ మీద చాడీలు చెప్పాను, మీ అమ్మ నాతో మాట్లాడడం మానేసింది అని. అది నన్ను వింతగా చూసింది.

"బాపూ, నీకు ఎరుకనే లేదా? నువ్వు నైట్ షిఫ్టు చేసొచ్చి పండుకుంటె, అమ్మ నీ మంచం పక్కకు కూసొని కూర తరుక్కుంట నీతోటే మాట్లాడేది."

"నేను పండుకుంటెనా?"

"అవ్. మెల్లగ, నీ నిద్ర చెడకుంట. మేనమామ ముచ్చట, నా బడి ముచ్చట, అమ్మకు వచ్చిన ఫికర్లు, అన్ని. నువ్వు ఊఁ అన్నట్టు మధ్యల ఆగేది, మళ్ళ చెప్పేది. నాకు చిన్నప్పుడు నవ్వొచ్చేది."

దాని అరుపు వంటింట్లోకి వినబడింది. నా భార్య బయటకొచ్చి, దొంగతనం బయటపడ్డ మనిషిలా తల దించుకుని నిలబడింది. బిడ్డ ముందు నేను ఏడవలేదు. బయటికెళ్ళి లారీలు చూస్తూ నిలబడ్డాను.

ఆ వచ్చే ఆదివారం ఆమెను గోదావరి ఒడ్డుకు తీసుకెళ్ళాను. సద్ది కట్టుకున్నాం. మిషన్ పెట్టుకుని, ఆమెను నా కుడి పక్కన కూర్చోబెట్టుకున్నాను. తినడం అయ్యాక ఆమె నీళ్ళ వైపు చూస్తూ మాట్లాడడం మొదలుపెట్టింది. మిషన్లో గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టదని ఆపలేదు. ఆమె ఆగిన చోటల్లా ఊఁ కొట్టాను. ఎంతసేపు చెప్పిందో. మధ్యలో ఒకసారి నవ్వింది, ఒకసారి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగి ఒక మాట అడిగింది. అడిగి, జవాబు కోసం నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

ఏమడిగిందో నాకు తెలియదు. "ఆఁ?" అంటే ఇంతసేపూ వినలేదని తెలిసిపోతుంది. "సరే," అన్నాను.

సరే అనేది దానికి జవాబు కాదని ఆమె కళ్ళలోనే కనబడింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "మళ్ళొక్కసారి అడుగు, గట్టిగ అడుగు, ఎవలు విన్నా ఏం కాదు," అని బతిమాలాను. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో, రేవు మెట్ల మీద స్నానాలు చేసేవాళ్ళు తిరిగి చూశారు. ఆమె చుట్టూ చూసి, నా చెయ్యి మెల్లగా తట్టి, "ఏం లేదు తియ్," అంది. ఆ మాట వినపడక్కర్లేదు నాకు.

ఇప్పుడు మధ్యాహ్నం పూట అన్నం తినగానే మంచం మీద వాలతాను, నిద్ర రాకపోయినా. కళ్ళు మూసుకుని కాస్త గురక కూడా పెడతాను. కొంతసేపటికి ఆమె వచ్చి పక్కన కూర్చుంటుంది. కత్తిపీట చప్పుడు వినపడదు కానీ, ఆమె భుజం మంచం పట్టెకు ఆనినట్టు తెలుస్తుంది. మొదటి రోజు కొద్దిగా రెప్పలెత్తి చూశాను. బెండకాయలు తరుగుతూ ఆమె పెదవులు కదులుతున్నాయి. ఆగింది. నా ముఖం చూసింది. మళ్ళీ కదిలాయి. అప్పటి నుంచి నేను కళ్ళు తెరవడం లేదు. మేలుకున్నానని తెలిస్తే ఆపేస్తుంది.