కల్లంలో చదివిన దయ్యం కథ

ఇన్నేళ్ళుగా ఈ విషయంలో నా మాట ఎవరూ వినిపించుకోలేదు. మొన్న మా మనవరాలి పుట్టినరోజు భోజనాల దగ్గర పిన్ని మళ్ళీ అదే ఎత్తుకుంది. "వీడిచేత ఏదీ చదివించకండమ్మా, ఉన్నది మార్చేస్తాడు." అందరూ నవ్వారు. పెరుగన్నం సగంలో వదిలి లేచాను. ఎందుకు లేచావని కూడా ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఎనభైల్లో పర్చూరు దగ్గర మా ఊళ్ళో మిరపకాయలు ఎండాక ఆడవాళ్ళు కల్లంలో వరసగా కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరేవారు. పని చేతులకే, చెవులు ఖాళీ. అందుకని వారపత్రికలో సీరియల్ ఒకరు పైకి చదవాలి. చదివేవాళ్ళకు ఘాటు తగలకుండా గాలి వచ్చే వైపు గంప బోర్లించి కూర్చోబెట్టేవారు. ఆ గంప మా అమ్మది. అమ్మ పోయాక, డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న నాకు వచ్చింది. ఊళ్ళో నాకున్న పదవి అదొక్కటే.

ఆ ఏడు సీరియల్లో చనిపోయిన తల్లి ఒకామె రోజూ రాత్రి బిడ్డ గది ముందు తిరిగేది. మట్టెల చప్పుడు వినిపించేది. అది వచ్చినప్పుడల్లా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, కాయలు ఏరడం ఆపేసేది. ఒక వారం గుట్టు బయటపడింది. ఆ చప్పుడు ఆస్తి కోసం ఇంటి గుమాస్తా ఆడుతున్న నాటకం. ఉన్నది ఉన్నట్టు చదివాను.

"నే చెప్పలా, మనిషి పనేనని," అంది మా పాలేరు భార్య, పందెం గెలిచినదానిలా. "అయితే ఇన్నాళ్ళూ ఊరికే భయపడి చచ్చానా?" అని మా అత్తయ్య విసుక్కుంది. సెలవు రోజుల్లో వచ్చి కూర్చునే చర్చి బడి టీచర్ గారు నవ్వి ఊరుకున్నారు. పిన్ని మాత్రం తలెత్తలేదు.

"ఒరేయ్, అది నువ్వు కల్పించావు. దయ్యాల్లేవని వారం వారం వాదించేది నువ్వేగా."

"పత్రిక చూడు పిన్నీ."

"నాకు చదువు రాదని తెలిసేగా చూడమంటున్నావు."

పత్రిక లాక్కుని టీ పొయ్యిలో పెట్టేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. మిరప కల్లంలో ఎవరి కళ్ళు ఎందుకు కారుతున్నాయో ఎవరూ అడగరు. పై వారం నుంచి గంప మా బావకు వెళ్ళింది. వాడికి ఒత్తులు సరిగ్గా పలకవు.

టీచర్ గారూ, మీరిప్పుడు ఒంగోల్లో ఉన్నారని విన్నాను. ఆ పత్రిక మీ ఇంటికీ వచ్చేది. ఆ భాగం మీరు ముందే చదివి వచ్చారు. వీడు సరిగ్గానే చదివాడని ఒక్క మాట అనుంటే ఏం పోయేదండీ? పిన్నికి చూపు మందగించింది, కల్లం ఉన్నచోట ఇళ్ళు లేచాయి, ఇన్నేళ్ళ కాలం కడగనిది నా మీద ఆ నింద ఒక్కటే. ఇప్పటికైనా ఆమెకు చెప్పండి. లేకపోతే నాకు దీనికి జవాబివ్వండి. మార్చి చదివేవాణ్ణే అయితే, ఆ తల్లిని రాకుండా ఎందుకు చేస్తాను?