ఇనుప మనిషికి ఇద్దరు డ్రైవర్లు

తొంభైల మొదట్లో మక్తల్‌లో రేడియోలు బాగుచేసుకుంటూ బతికే నాకు, మనిషి మనసును కూడా విప్పి చూస్తే లోపల తీగలే కదా అన్న ధీమా ఉండేది (ఏడో తరగతితో చదువు ఆపినవాడికి ఉండాల్సినదానికన్నా ఎక్కువే). అప్పుడే పాత కాగితాల బేరగాడి దగ్గర ఒక ఇంగ్లిషు పుస్తకం దొరికింది. నలుగురు కూర్చుని పాచికలు వేస్తూ, ఏడంతస్తుల ఇనుప మనుషులను నడుపుతున్నట్టు మాటల్లోనే ఆడే ఆట అది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆర్నెల్లు చదివాను. ఫిరంగులకు నలభై పేజీలు, లోపల కూర్చుని నడిపేవాడి మనసుకు అరపేజీ. నాకు ఒళ్లు మండింది (ఇప్పటికీ మండుతోంది). పొద్దున పెళ్లాంతో కొట్లాడి వచ్చినవాడు సూటిగా గురి పెడతాడా? అందుకని పొడుగు నోటుబుక్కులో నేనే నియమాలు రాశాను. ఒక ఇనుప మనిషికి ఇద్దరు డ్రైవర్లు, ఒకడు కాళ్లకు, ఒకడు చేతులకు. ఇద్దరి మధ్య నమ్మకానికి పది మార్కులు. ఎదురుగా ఉన్నవాడికి మూడో మనిషితో మాట చెప్పిస్తే ఒక మార్కు పోతుంది. సున్నాకు వస్తే ఇనుప మనిషి ఎవరి మాటా వినడు, పాచిక చెప్పినట్టు కాలు వేస్తాడు.

ఆడడానికి దొరికింది ఇద్దరే. ఒకరు ఊళ్లో లారీ నడిపే లారీ అన్న, శత్రువును ఆడించేది అతనే. రెండోవాడు దర్జీ భాయ్, నా చిన్ననాటి దోస్తు. నా పెళ్లి అంగీకి ఒక చెయ్యి పొట్టిగా కుట్టాడని నేను నలుగురిలో అన్నాను, పొట్టిగా ఉన్నది నా చెయ్యేనని వాడు అన్నాడు, ఏడాదిగా మాటలు బంద్. లారీ అన్న కావాలనే ఇద్దరినీ ఒకే ఇనుప మనిషిలో ఎక్కించాడు. నాకు కాళ్లు, వాడికి చేతులు. ఆటలో ఊరు మా మక్తలే, రాయచూరు రోడ్డు మీద శత్రువు వస్తున్నాడు.

“అన్నా, కాళ్లాయనకు చెప్పు, జర ఎడమకు తిరుగుమను.”

“చేతులాయనకు చెప్పన్నా, ఎడమకు కరెంటు తీగలున్నయని.”

శత్రువు ఊళ్లోకి రాకముందే పది మార్కులూ అయిపోయాయి. లారీ అన్న నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకున్నాడు. మా ఇనుప మనిషి దర్జీ భాయ్ గల్లీ మీద కాలెత్తి నిలబడ్డాడు. బేసి పడితే దించుతాడు. నేను పాచిక ఎత్తాను. వాడు నా మణికట్టు పట్టుకున్నాడు.

“గల్లీల అమ్మీ ఒక్కతే ఉన్నదిరా. వెయ్యకు.”

ఏడాది తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట, అదీ వాళ్లమ్మ గురించి.

“అమ్మీ మీద కాలేస్తనారా నేను? నా పెయ్యిల సగం నెత్తురు ఆమె పెట్టిన బువ్వనే.”

“రాసింది నువ్వే గద, వెయ్యాలె,” అన్నాడు లారీ అన్న.

“రాసింది తప్పు,” అన్నాను. (నా రాతను నేను తప్పన్నది జీవితంలో ఆ ఒక్కసారే. లారీ అన్న సాక్షి.)

తర్వాత వాడు చెయ్యి వదలకుండానే ఇంటికి లాక్కుపోయాడు. నాకు గడప దాటడానికి సిగ్గు, ఒక కాలు లోపల పెట్టబోయి అక్కడే ఆగాను. అమ్మీకి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను, ఏడంతస్తుల ఇనుప మనిషి, ఎత్తిన కాలు, అన్నీ. ఆమె బియ్యం చెరుగుతూ విని, నా పాదాల వైపు చూసింది.

“గది సరే బేటా. ఏడాది సంది ఎత్తిన కాలు దించి, ఇంట్లకు రా.”

మనసు సంగతి అంతా తెలుసుననుకుని గడప బయట ఒంటికాలి మీద నిలబడ్డ ఆ కుర్రవాడిని తలుచుకుంటే, ఇప్పుడు నాకు కోపం కూడా రావడం లేదు.