అమరచింతలో ముఖం తిప్పుకున్నామె

ఆ మధ్య నా కారు ముందు అద్దానికి లోపలి వైపు ఒక చిన్న కెమెరా ఉండేది. ఒక మ్యాపుల కంపెనీ కోసం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు ఊరూరా తిరిగి వీధులు రికార్డు చేయడం నా పని. సాయంత్రం ఇంటికొచ్చి కెమెరాలోని కార్డు లాప్‌టాప్‌లో పెట్టి, బొమ్మ బాగా వచ్చిందో లేదో చూసి పంపేవాణ్ని. మనుషుల ముఖాలు, బండ్ల నంబర్లు కంపెనీవాళ్లు మసక చేస్తారు. అది అక్కడికి చేరాక జరిగే పని. అంతవరకు అందరి ముఖాలూ నా దగ్గర ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.

ఒకరోజు పొద్దున గద్వాల బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే ఒకతను నా కారు చుట్టూ తిరిగి, అద్దంలోంచి కెమెరాను చూసి, నా దగ్గరికొచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. చొక్కా శుభ్రంగా ఉంది, గడ్డం మాసి ఉంది.

"అన్నా, గీ కెమెరాల రోడ్డు మీద ఉన్నోళ్లంత పడ్తరా?"

"పడ్తరు. ఎందుకు?"

ఫోనులో పెళ్లి ఫోటో చూపించాడు. "మా ఇంటామె. ఇంట్లకెల్లి ఎల్లిపోయింది. ఆత్మకూరు దిక్కు కనవడ్డదని ఎవరో చెప్పిన్రు. నువ్వు ఆడంత తిరిగినవంట గద. జర నీ వీడియో సూపియ్యే. పిల్ల అమ్మా అమ్మా అని ఏడ్చి జరం తెచ్చుకుంది."

అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు జాలేసింది. ఫోటోను మరోసారి చూశాను. ఆ ముఖం నేను చూశాను. ఆత్మకూరు పక్కనే ఉన్న అమరచింతలో ఒక ఇంటి మెట్ల కింద కుట్టు మిషను వేసుకుని చీరలకు ఫాల్స్ కుడుతోంది. కారు దగ్గరికి రాగానే తలెత్తి కెమెరాను చూసి, చటుక్కున గోడ వైపు తిరిగిపోయింది. లాప్‌టాప్‌లో చూసినప్పుడు అందుకే గుర్తుండిపోయింది. రెండు రోజులుగా ఇంట్లో నెట్ సరిగ్గా లేక ఆ వీడియో పంపలేదు. ఆ కార్డు నా చొక్కా జేబులోనే ఉంది. తీసి చూపిద్దామని చెయ్యి అటు పోబోయింది.

"స్టేషన్ల చెప్పినవా తమ్మీ?" అన్నాను.

"ఇంటి ముచ్చట స్టేషన్ దాక ఎందుకన్నా?" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆమెను ఎవరు దాచిపెట్టిన్రో, ఎవరు బువ్వ పెడ్తున్నరో, వాళ్లను గూడ సూస్త" అన్నాడు.

కన్నీళ్లు అప్పుడే ఆరిపోయాయి.

"మాకు చూపెట్టే హక్కు లేదు తమ్మీ. కంపెనీది" అని కారెక్కాను. అతను అటు తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చుని తలుపేసుకున్నాడు.

"నడువన్నా. నువ్వు తిరుగు, నేను సూస్కుంట కూసుంట."

వెనక సీటు మీద లాప్‌టాప్ సంచి ఉంది. అతని చూపు దాని మీద పడింది. నా చెయ్యి మళ్లీ జేబు దగ్గరికి పోబోయి ఆగింది. చెయ్యి కదిపితే ఎక్కడుందో చెప్పినట్టే. ఇంతలో వెనక బస్సు హారను కొట్టింది. దారికి అడ్డంగా ఉన్నామని కానిస్టేబులు వచ్చి అద్దం మీద తట్టాడు. ఖాకీ చొక్కా చూడగానే అతను దిగిపోయాడు.

ఆ రోజు నేను జూరాల ఆనకట్ట మీదుగా అమరచింత వైపే పోవాలి. అద్దంలో అతను బైకు మీద వెంట వస్తూ కనబడ్డాడు. అటు పోకుండా బండిని ఎర్రవల్లి వైపు తిప్పాను. పెద్ద రోడ్డు ఎక్కేదాకా వెంట వచ్చి, తర్వాత ఎక్కడో ఆగిపోయాడు. వనపర్తి చేరాక బండి పక్కన ఆపాను.

కంపెనీలో నా పని చూసే అతనికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. "ముఖాలు మసక చేస్తాం కదండీ" అన్నాడు.

"ముఖం పోతది సార్. మెట్లు, మిషను, ఊరు ఉంటయి కద. పెండ్లాంను గుర్తుపట్టనీకె మొగనికి ముఖమే గావాల్నా?"

"ఆ వీధి మొత్తం పంపకండి. చెరిపేయండి. పై వాళ్లతో నేను చెప్తాను" అన్నాడు. అక్కడే కారులో కూర్చుని చెరిపేశాను.

సాయంత్రం విని మా ఆవిడ ఊరుకోలేదు. "నువ్వు తుడిచేస్తె అయిపాయెనా? వాడు ఆత్మకూరు దాక వాసన పట్టిండని ఆమెకెవరు చెప్పాలె?"

మర్నాడు కారు ఇంటి దగ్గరే వదిలి బస్సులో ఆత్మకూరు, అక్కడి నుంచి ఆటోలో అమరచింత వెళ్లాం. దారంతా బైకు శబ్దం వినబడితే చాలు వెనక్కి చూశాను. ఫాల్స్ వేయించడానికన్నట్టు మా ఆవిడ ఒక చీర పట్టుకొచ్చింది. మెట్ల దగ్గర నేను కొంచెం ఎడంగా నిలబడ్డాను. మా ఆవిడ వంగి నెమ్మదిగా సంగతి చెప్పింది. మిషను ఆగింది.

"పిల్లకు జరమొచ్చిందని ఏడ్చిండంట" అంది మా ఆవిడ.

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మాకు పిల్లలే లేరక్కా" అంది.

నిన్న ఆ చాయ్ దుకాణం దగ్గర, పిల్ల మాట వినగానే, నేను జేబులో చెయ్యి పెట్టబోయాను.

"ఏమన్న వేరే ఊరు సూస్కుంటవా?" అని అడిగింది మా ఆవిడ.

"ఒకసారి ఊరిడిసిన. మల్ల ఇడువ" అంది ఆమె. మెడ మీద పాత మచ్చ ఒకటి కనబడింది. దాని గురించి మేము అడగలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె ఇంటి యజమానురాలిని, మా ఆవిడను తోడు తీసుకుని స్టేషనుకు వెళ్లింది. నేను చూసింది, విన్నది నేనూ చెప్పాను. అతన్ని పిలిపించారు, కేసు పెట్టారు. తర్వాత ఒకసారి గద్వాలలో అతను నా కారు ఎదురుగా బైకు ఆపి చాలాసేపు చూశాడు. నేనూ చూశాను. బైకు తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ వారమంతా ఇంటి తలుపు గడియ ఒకటికి రెండుసార్లు చూసుకునేవాణ్ని. మళ్లీ రాలేదు.

కొన్నాళ్లకు కంపెనీవాళ్లు కొత్త కెమెరాలు ఇచ్చారు. వాటిలో ముఖాలు రికార్డు అవుతున్నప్పుడే మసకవుతాయి, చూద్దామన్నా నాకు కనబడవు. ఎవరైనా వద్దంటే ఆ చోటు వదిలేసే అధికారం కూడా మాకు ఇచ్చారు. వద్దన్నవాళ్లను ఎందుకని అడగను.

మొన్న ఆమె మా ఆవిడకు ఫోన్ చేసింది. మెట్ల కింద జాగా చాలక రోడ్డు మీద ఒక గది కిరాయికి తీసుకుందట. గది ముందు బోర్డు పెట్టించి, దాని మీద తన పేరు పెద్ద అక్షరాలతో రాయించుకుందట.