భర్తకు భార్య కొన్న టికెట్

ఈ రోజు ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు వస్తుంటే బస్సులో నా పక్కన ఒకామె కూర్చుంది. వెనక సీట్లలో ఆమె ఆరుగురు ఆడపిల్లలు, ముందు సీట్లో ఆమెను వదిలేసిన భర్త. మనోవర్తి కేసు ఈ రోజే ఉందని ఆమే చెప్పింది. పోయిన వాయిదాలో పిల్లలు నలుగురేనని ఆయన జడ్జికి చెప్పాడట. అందుకే అందరినీ తీసుకుపోతోంది.

కండక్టర్ ఆధార్ కార్డులు చూసి ఆమెకు, ఆడపిల్లలకు కలిపి ఏడు ఉచిత టికెట్లు కొట్టాడు. ఆయన మాత్రం జేబులు తడుముకుంటూ లేచాడు.

"దుడ్లు ల్యావప్పా. ఈడనే దింపేయ్."

ఆయన దిగిపోతే కేసు మళ్లీ వాయిదా పడుతుంది.

"యాడికి దిగేది? కూచో," అంటూ ఆమె కొంగుముడి విప్పింది. "అన్నా, ఈయప్పకు నంద్యాలకు ఒకటి కొట్టు."

"మళ్ల వచ్చేటప్పుడెట్ల మే?" అన్నాడాయన.

"నువ్వు లెక్కలో ఇడిసిపెట్టిన ఇద్దరుండారు కదా, వాళ్లనడుగు."

బస్సంతా నవ్వింది. చివరి పిల్లలిద్దరూ నవ్వలేదు. నా నవ్వూ అక్కడే ఆగిపోయింది.

నంద్యాలలో ఆయన ముందు నడిచాడు, వెనక ఏడుగురూ కాపలా. నేనైతే ఆ టికెట్ డబ్బులు కూడా మనోవర్తిలో కలిపి అడిగేదాన్నా, వదిలేసేదాన్నా? ఇప్పటికీ తేలడం లేదు. మీరేమంటారు?